టన్ను ఆవిరికి ఎంత గ్యాస్?

మా ఆవిడ నర్సు ఉద్యోగం మీద ఐర్లండ్ వచ్చాం. గోదావరి జిల్లాలో చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర పన్నెండేళ్లు చేసిన నాకు, నేవన్ అనే ఊరి దగ్గర ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతలు పెట్టే పని దొరికింది. అక్కడి బాయిలర్ చూసుకునే పెద్దాయనకి నా సంగతి తెలిశాక, టీ వేళ నన్ను బాయిలర్ గదిలోకి పిలిచేవాడు.

ఒకరోజు ఆయన ముఖం వాడిపోయి ఉంది. గ్యాస్ బిల్లు పెరిగిందనీ, మంట సరిగ్గా చూడటం లేదనీ కుర్ర మేనేజరు అందరి ముందూ అన్నాడట.

"ముప్పై ఏళ్లలో ఇలాంటి మాట పడలేదు," అన్నాడు కప్పు వంకే చూస్తూ.

నాకు మనసు చివుక్కుమంది. "టన్ను ఆవిరికి ఎంత గ్యాస్ పడుతోందో లెక్క వేద్దామా?" అన్నాను.

వారం పాటు ఇద్దరం గ్యాస్ మీటరూ, బాయిలర్‌లోకి వెళ్లే నీళ్ల మీటరూ రాసుకున్నాం. ఆదివారం ఇంట్లో కూర్చుని లెక్క తేల్చాను. బాయిలర్ సర్వీసు చేసేవాళ్లు ఇచ్చిన కాగితం ప్రకారం పొగలో పోయే వేడి మామూలుగానే ఉంది. అంటే మంటలో తప్పులేదు. అయినా టన్నుకి గ్యాస్ ఎక్కువే పడుతోంది.

సోమవారం వెళ్లగానే బాయిలర్‌కి నీళ్లిచ్చే ట్యాంకు మీద చెయ్యి పెట్టాను. కాలాలి. కాలలేదు. యంత్రాల్లో పని ముగించిన ఆవిరి వేడినీళ్లై పైపులో ఆ ట్యాంకుకి తిరిగి రావాలి. రావడం లేదు. బాయిలర్ పాపం చన్నీళ్లు కాస్తోంది.

"ఆ పైపు కారుతోందని పాత మేనేజరుకి రెండుసార్లు చెప్పాను. పెరట్లో దాని మీదే కాంక్రీటు పోశారు. ఇక చెప్పడం మానేశాను," అన్నాడాయన.

"రండి, ఇద్దరం వెళ్దాం."

"లెక్క వచ్చినవాడివి, నువ్వు వెళ్లు."

"లెక్క నాది. బాయిలర్ మీది," అన్నాను. ఆయన కోటు తొడుక్కున్నాడు.

మేనేజరు మా లెక్క కాగితం రెండుసార్లు చదివాడు. ఆ వారమే పెరడు తవ్వించాడు. పైపు అడుగున తుప్పుపట్టి, చెయ్యి దూరేంత చిల్లు పడి ఉంది.

మర్నాడు మేనేజరు బాయిలర్ గది గుమ్మం దగ్గర నిలబడి, ఇస్త్రీ యంత్రాల దగ్గరున్నవాళ్లందరికీ వినబడేలా, "తప్పు నాది. క్షమించండి," అన్నాడు.

"గ్రాండ్, గ్రాండ్," అని ఇక్కడివాళ్ల తీరులో పర్లేదంటూ పెద్దాయన అటు తిరిగి, అప్పటికే మెరుస్తున్న గేజీ అద్దాన్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు. నేను చప్పుడు చేయకుండా దుప్పట్ల దగ్గరికి వెళ్లిపోయాను.