లోతు దొరువు

నా చిన్నప్పుడు మా పెదనాన్న కూతురంటే నాకు ఒళ్లుమంట. నాకన్నా ఆరు నెలలే పెద్ద, అయినా అక్కా అని పిలవమనేవాళ్లు. నా బుర్రకు ఎంతకూ ఎక్కని లెక్క దానికి వింటూనే వచ్చేసేది. మా మేనత్త నెల్లూరులో సైన్సు టీచరు. ఒక వేసవి సెలవులకు విడవలూరు పక్కనున్న మా ఊరికి వచ్చి, మా ఇద్దరిలో ఒకరిని తనతో తీసుకెళ్లి హైస్కూల్లో చేర్పిస్తానంది. ఒక్కరినే. ఆ మాట విన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

మావన్నీ ఇసుక నేలలు. దొరువు అని చిన్న గుంట తవ్వితే మంచినీళ్లు నిదానంగా ఊరేవి. వాటినే తోడి మొక్కలకు పోసేవాళ్లం. ఎవరి ఓపిక ఎంతో చూద్దామని అత్త మాకు చెరొక వంగ నారుమడి అప్పగించింది. అక్క మోకాటి లోతున మూడు గుంటలు తవ్వుకుని, ఒకదాంట్లో నీళ్లు ఊరేలోపు ఇంకోదాంట్లో తోడుకునేది. దాని నారు పచ్చగా లేస్తుంటే నా కడుపు రగిలిపోయింది. ఒకనాటి మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా నా దొరువును నడుము లోతుకు తవ్వేశాను. నీళ్లు బుగబుగ వచ్చాయి. సంబరంగా కుండలకు కుండలు పోశాను.

నాలుగు రోజుల్లో నా నారంతా మాడిపోయింది. లోతుకు పోతే కింది ఉప్పునీరు పైకి తన్నుతుందని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కుళ్లులో నాకే గుర్తు రాలేదు. పైగా, అక్కే ఉప్పు కలిపిందని అత్తతో చాడీ చెప్పాను.

అత్త నా దొరువు నీళ్లు నాలుక మీద వేసుకుని చూసింది. ఇసుకలో వేలితో గుండ్రంగా గీసి, ఆ అంచు పొడవునా లోపలికి చిన్న చిన్న నొక్కులు పెట్టింది. మన ఒంట్లోని కణం చుట్టూ పల్చటి పొర ఉంటుందట. కొన్ని కణాల పొర మీద కంటికి ఆనని ఇలాంటి గుంటలు ఉంటాయట.

"వాటి పనేందో ఇంకా పూర్తిగా తెలీదు పాపా. సన్న పదార్థాల్ని కొంచెం కొంచెంగా లోపలికి తీసుకుంటాయేమో అనుకుంటున్నారు. అట్టా కాదని పొరనే చించితే మాత్రం కణం చస్తాది," అంది. తర్వాత నా మొహంలోకి చూసి, "నువ్వు నీళ్ల కోసం తవ్వినావా, అక్క గుంట కన్నా లోతుండాలని తవ్వినావా?" అనడిగింది.

నేను కుండ తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయాను. సెలవులు అయిపోయాక అక్క బస్సెక్కింది. నేను చెయ్యి కూడా ఊపలేదు.

డెబ్బై దాటినా ఆ కుళ్లు నన్ను పూర్తిగా వదల్లేదు. ఎవరి బాగు విని కడుపు మండినా అత్త ప్రశ్న చెవిలో పడుతుంది. ఇప్పుడైతే తడుముకోకుండా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక మంట కొంచెం తగ్గుతుంది. దాని మీద చాడీ చెప్పానని మాత్రం అక్కకు ఈనాటికీ చెప్పలేకపోయాను. అది వారం వారం ఫోన్ చేసి, మందులు వేసుకున్నావా అని అడుగుతూనే ఉంది.