చీటీ అక్కయ్య, చీటీ లేని సీసా

ఆ వీధిలో మందుల షాపు నడిపే ఆవిడను అందరూ చీటీ అక్కయ్య అంటారు. డాక్టరు రాసిన చీటీ లేనిదే గ్లాసు మంచినీళ్లు కూడా ఇవ్వదని ఎదురుగా సైకిళ్లు బాగుచేసే ఆయన వేళాకోళం. అది అన్యాయం. జలుబు మాత్రలూ, బామ్ డబ్బాలూ అడిగినవాళ్లకు అడిగినన్ని ఇస్తుంది. చీటీ మీదే అమ్మాలని ప్రభుత్వం చెప్పిన మందుల దగ్గర మాత్రం కన్నతండ్రి వచ్చినా ఆవిడ నోట వచ్చేది ఒకటే మాట, "చీటీ ఉందా?" బతిమాలినవాళ్లూ, బెదిరించినవాళ్లూ, "రేపు తెచ్చిస్తాలే" అన్నవాళ్లూ అందరూ వట్టి చేతులతోనే పోయారు. పక్క సందు షాపులో రోగి కోరిందీ పాలే, ఇచ్చేదీ పాలే కాబట్టి గిరాకీ కొంత అటు మళ్లింది. మళ్లితే మళ్లనీ అనుకునే మనిషి ఆవిడ.

అలాంటి ఆవిడ దగ్గరికి ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. చిన్నప్పుడే తల్లి పోతే జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచుకున్న చెల్లెలు. ఇప్పుడు సొంతంగా బ్యూటీ పార్లర్ నడుపుతోంది. షాపులో ఎవరూ లేరని చూసుకుని కౌంటరు లోపలికి వచ్చి, బ్యాగులోంచి ఒక చిన్న గాజు సీసా, సిరంజీ తీసింది. సీసా అడుగున కాస్త తెల్లటి పొడి ఉంది.

"ఇది కలిపి నాకు ఇంజెక్షన్ చేసి పెట్టక్కా. నేనే పొడుచుకోవాలంటే భయంగా ఉంది."

"ఏంటిది?"

చెల్లెలు గొంతు తగ్గించింది. "ఆడవాళ్లకి కోరిక తగ్గిపోతే ఇస్తారంట. ఆన్‌లైన్‌లో తెప్పించా."

అక్కయ్యకు ఆ మందు సంగతి తెలుసు. నెలసరి ఇంకా ఆగని ఆడవాళ్లకు వేరే కారణమేదీ లేకుండా కోరిక పోయి, దానివల్ల మనసు కష్టపెట్టుకుంటుంటే డాక్టర్లు రాసే పెప్టైడ్ రకం ఇంజెక్షన్ అది. చీటీ మీద ఇచ్చేది సూది బిగించిన పెన్నులా, మోతాదు కొలిచి వస్తుంది. ఈ సీసా మీద మందు పేరే తప్ప, చేసినవాడి ఊరూ లేదు, పేరూ లేదు.

"పరిశోధనకు మాత్రమే అని రాసుంది, చూశావా?"

"చూశాకే కొన్నా. బాగా పరిశోధన చేసి తయారుచేశారనేగా? మా క్రీముల మీదా పరిశోధన అని ఉంటుంది. అలాంటివే మంచివి."

అక్కయ్యకు నవ్వొచ్చింది, మింగేసింది. చెల్లెలి వృత్తిలో పరిశోధన అంటే గొప్ప. ఈ సీసా మీద అది తప్పించుకునే దొడ్డిదారి. మందని చెప్పి అమ్మితే అనుమతి ఉండాలి, తనిఖీ జరగాలి, చీటీ చూడాలి. పరిశోధన సరుకని అమ్మితే లోపల ఏముందని అడిగే నాథుడుండడని వాళ్ల లెక్క. పేరు ఒకటే అయినా పెన్నుకున్న అనుమతి ఈ పొడికి లేదు. ఇదంతా నిదానంగా చెప్పి ఉంటే బాగుండేది. కానీ అలవాటైన నోరు కదా, ముందు ఆ మాటే దొర్లింది.

"చీటీ ఉందా?"

చెల్లెలు సిరంజీ, సీసా తిరిగి బ్యాగులో వేసుకుంది.

"ఆయన అటు తిరిగి పడుకుంటారు, నేను ఇటు. ఇలాగే ఉంటే ఏదో ఒకరోజు లేచి వెళ్లిపోతారని నా భయం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరికీ చెప్పుకోలేదు. నీకు చెప్పుకుందామని వస్తే నువ్వూ చీటీ అడుగుతావు. సరేలే, నేనే పొడుచుకుంటా."

ఆమె వెళ్లిపోయాక అక్కయ్యకు చేతులాడలేదు. బీపీ చూసే మిషను చంకన పెట్టుకుని షట్టరు దించేసింది. పట్టపగలు ఆ షట్టరు దిగడం ఎన్నడూ ఎరగని సైకిళ్ల ఆయన రెంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పార్లర్ వెనక గదిలో చెల్లెలు ఒక్కతే కూర్చుని ఉంది. సీసా మూత ఇంకా తియ్యలేదు.

"చెయ్యి ఇటివ్వు" అంది అక్కయ్య. పట్టీ చుట్టింది. మిషను బుసకొట్టి ఆగింది. అంకె చూసి మళ్లీ చుట్టింది. రెండోసారీ అంతే.

"ఇంత ఉందేంటే నీకు?"

"నాకేం తెలుసు? ఎప్పుడూ చూపించుకోలేదు."

"ఆ మందు అసలుదైనా సరే, ఎక్కించుకున్నాక కాసేపు బీపీ పెంచుతుంది. అదుపులో లేనివాళ్లకి డాక్టర్లు రాయనే రాయరు. ఇక ఈ సీసాలో ఏముందో చేసినవాడికే ఎరుక. చీటీ ఉందా అంటే, నిన్నెవరైనా చూశారా అని అడగడమేనే."

"నువ్వు చూస్తావనే వచ్చాగా" అంది చెల్లెలు.

అక్కయ్య చెల్లెలి చెయ్యి వదలకుండా పక్కన కూర్చుంది. "తప్పు నాదే. నీకేమైనా అయితే నేనేమైపోవాలి?" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వెళ్లేటప్పుడు సీసాను తనతో తీసుకుపోయింది, కాలం చెల్లిన మందుల డబ్బాలో పడేయడానికి.

కొన్నాళ్లకు చెల్లెలు షాపుకు వచ్చి, అందరితోపాటు వరుసలో నిలబడి, తన వంతు రాగానే కౌంటరు మీద చీటీ పెట్టింది. అందులో ఉన్నది బీపీ మాత్ర ఒక్కటే.

"అది రాయలేదు. ముందు బీపీ తగ్గాలంది డాక్టరమ్మ. ఆయన్ని కూడా లోపలికి పిలిచింది."

"ఏమన్నారు మరిదిగారు?"

"'నేనంటే దానికి ఇష్టం పోయిందనుకున్నా, అందుకే దగ్గరికి వెళ్లడం మానేశా' అన్నారు. డాక్టరమ్మ ఎదుటే ఏడ్చేశారక్కా. నేనూ ఆయన గురించి అదే అనుకుంటున్నా కదా ఇన్నాళ్లూ."

అక్కయ్య మాత్రలు కవర్లో వేసి, చెల్లెలి చేతిని ఒక్క క్షణం పట్టుకుని వదిలింది. బయట మరిది స్కూటరు స్టార్ట్ చేసుకుని ఎదురుచూస్తున్నాడు.

తర్వాత వంతు ఒక పెద్దాయనది. "నిద్ర మాత్రలు కావాలమ్మా. చీటీ లేదు" అని, ఇక తిరిగి వెళ్లడానికే అన్నట్టు గొడుగు తీసుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి నిద్ర పట్టట్లేదండీ?" అంది అక్కయ్య.

ఆయన గొడుగు కింద పెట్టాడు. చెప్పినదంతా ఆవిడ విన్నది. విని, ఇదంతా డాక్టరుకు చెప్పి చీటీ పట్టుకురమ్మంది. ఆయనా వట్టి చేతులతోనే పోయాడు గానీ, గుమ్మం దగ్గర ఆగి, "వస్తానమ్మా" అని చెప్పి వెళ్లాడు.