ఆయన పద్యానికి ఆంటీ హార్మోనియం

మా గురువుగారు పోయారన్న వార్త తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో తలా ఒక వంటకం తెచ్చే పొట్లక్ జాబితా మధ్యలో వచ్చింది. పులిహోర ఒకరు, పెరుగు వడలు ఒకరు, గురువుగారు ఇక లేరు, పేపర్ ప్లేట్లు ఒకరు. జన్మంతా వేదిక నడుమ నిలబడిన మనిషికి అది తగిన చోటు కాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆయన రిటైరైన ఇంజనీరు, మా సంఘం వేసే పౌరాణిక నాటకాల్లో శాశ్వత మహారాజు. ఈ చలిదేశంలో, ఏజాక్స్ అనే ఊళ్లోని ఆయన ఇంట్లోకి మాత్రం పద్యానికి ప్రవేశం లేదు, భార్యగారి ఉత్తర్వు. అందుకని కారును బయట మంచులో నిలబెట్టి, గరాజ్‌లో నాకు పాఠం చెప్పేవారు. నెత్తిన మంకీ క్యాప్, చేతిలో మిరియాల పాలు. నా పళ్లు టకటకలాడుతుంటే, "ఒరేయ్, చలికి వణుకు, పర్లేదు. శ్రుతి దగ్గర వణికావో, తంతా" అనేవారు. కాలేజీలో ప్రెజెంటేషన్ అంటే గొంతు పెగలని నాకు, నలుగురి ముందు నిలబడి గుక్క పట్టడం నేర్పింది ఆయనే. ఫీజు కింద అప్పుడప్పుడు నా చెవి మెలిపెట్టేవారు, అంతే.

అయితే మహారాజులకు ఉండే జబ్బు ఆయనకూ ఉండేది. ఒక రిహార్సల్లో ఆయన శ్రుతి తప్పారు. మా హార్మోనియం ఆంటీ ఆ మాటే మెల్లగా చెప్పారు.

"మీరు వెళ్లి తాళింపు మాడకుండా చూసుకోండమ్మా" అన్నారాయన, అందరి ముందూ.

మేం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను. ఏళ్ల తరబడి ఆయనకు శ్రుతి ఇచ్చిన ఆవిడ, పెట్టె మూసి, కోటు వేసుకుని వెళ్లిపోయారు. ఆయన చివరిదాకా క్షమాపణ చెప్పలేదు. ఆయన గురించి తలుచుకుంటే నాకు గరాజూ గుర్తొస్తుంది, ఆ మాటా గుర్తొస్తుంది. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచలేను.

సంతాప సభలో ఆయనకిష్టమైన మోహన రాగం పద్యం నన్ను పాడమన్నారు. హార్మోనియం లేకుండా నా గొంతు నిలవదు. వాయించేవాళ్లు మరొకరు లేరు. ఆంటీకి ఫోన్ చేసి, ముందు నా నవ్వుకు క్షమాపణ చెప్పుకున్నాను.

"అది నాకు వినపడింది బాబూ" అన్నారు.

"ఆయన్ని మన్నించమని అడగట్లేదాంటీ. పద్యం కోసం..."

"మన్నించను కూడా. కానీ ఆ మోహన రాగం నన్నేమీ అనలేదుగా. వస్తా. ఆయన ఫొటో మాత్రం నా ఎదురుగా పెట్టకండి."

వచ్చారు. ఫొటోకు వీపు తిప్పి కూర్చున్నారు. నేను ఎత్తుకున్నాను. గుక్క చివర నా గొంతు జారబోతుంటే ఆవిడ హార్మోనియం స్వరం కింద నుంచి పట్టుకుంది. పద్యం ముగిసింది.

వెనక వరుసలో ఒక పెద్దాయన, ఎన్నో నాటకాలు చూసిన అలవాటు కొద్దీ, "వన్స్ మోర్!" అని కేక పెట్టారు. పక్కనున్న భార్య మోచేత్తో ఒక్కటి పొడిచింది. ఆయన నాలుక కరుచుకున్నారు. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. నేను ఆంటీ వైపు చూశాను.

ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. ఎడమ చేత్తో హార్మోనియం తిత్తిని మెల్లగా కదిలించి, మొదటి స్వరం మీద వేలు పెట్టి, నా కోసం ఆగారు.