దేవాంగ పిల్లి దాటిన దారి

మా జువాలజీ సార్ పోయిన మంగళవారం కొత్తపేటలోని తన ఇంట్లో కన్నుమూశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెడిసిన్ కోచింగ్ తీసుకున్న మీలో కొందరైనా ఆయన చేత తిట్లు తినే ఉంటారు. నేను రెండుసార్లు రాసి, రెండుసార్లూ సీటు తెచ్చుకోలేకపోయాను కాబట్టి నా వాటా ఇంకాస్త ఎక్కువ. చివరికి ఆయన దగ్గరే పాఠాలు చెప్పే పనిలో చేరాను.

మా ఊరు చిత్తూరు వైపు ఒక కొండ కింద ఉంది. నేను ఇంకా విద్యార్థినిగా ఉన్నప్పుడు, ఒకరోజు సార్ దేవాంగ పిల్లి గురించి చెబుతున్నారు. "పేరుకే పిల్లి. కోతులకు సుట్టమే గానీ, కోతి లెక్క దుంకదు. కొమ్మ పట్టుకొని ఇంకో కొమ్మ మీదికి పోతది, అంతే." రెండు అరచేతుల్లో ఒదిగేంత ఆ జంతువును మా ఊళ్లో చూశానని చెయ్యెత్తి చెప్పాను.

"ఎన్నున్నయ్ అమ్మా?"

"ఇప్పుడు రోడ్డు మీద చచ్చిపడినవే కనబడతా ఉండాయి సార్."

ఆ రోడ్డును వెడల్పు చేసినప్పుడు, పైన కొమ్మలు కలుపుకుని నిలబడ్డ చింతచెట్లు పోయాయి. అడవి రెండు ముక్కలైంది. కొండవైపు ఆ జంతువులు బాగానే ఉన్నాయి, చేలవైపు తోపులో కొన్నే చిక్కుకుపోయాయి. అవి దాటాలంటే నేల మీద పాకాల్సిందే. లారీలకు అంత ఓపిక ఉండదు. తోపులోవి అట్లాగే ఒంటరిగా మిగిలితే కొన్నేళ్లకు అక్కడ ఒక్కటీ ఉండదని సార్ బోర్డు మీద గీసి చూపించారు.

వాటికి రోడ్డు మీదుగా ఒక వంతెన కట్టాలని, పరీక్షలు కాగానే ఎల్బీనగర్‌లో బస్సెక్కాం. సార్, నేను, నా క్లాసువాళ్లు ఇంకో నలుగురు. అటవీ శాఖ అనుమతి ఆయనే తిరిగి తిరిగి సంపాదించారు. మా ఊళ్లో దేవాంగ పిల్లి ఎదురైతే అరిష్టమంటారు. సార్ దాని మీద వాదన పెట్టుకోలేదు. "పెద్దాయనా, అది మీకు ఎదురు రావద్దనే పైనుంచి తొవ్వ ఏస్తున్నం" అన్నారు ఊరి పెద్దతో. ఆయన నవ్వి నిచ్చెన ఇచ్చాడు.

రోడ్డుకు రెండు పక్కలా స్తంభాలు పాతి, తిన్నగా వెదురు వంతెన కట్టి, ఫొటోలు దిగి వచ్చేశాం. నెల దాటినా ఒక్కటీ దాటలేదు. అటవీ శాఖవాళ్లు పెట్టిన కెమెరాలో గబ్బిలాలే పడ్డాయి. సార్ నన్ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లారు, మోకాళ్ల నొప్పితోనే నిచ్చెన ఎక్కారు. వంతెన చివరకూ చెట్టు కొమ్మకూ మధ్య మూడు జానల ఖాళీ!

"దుంకదు అన్న బిట్టు అందరు కరెక్టు పెట్టిన్రు. పెట్టినంక మర్చిపోయిన్రు" అన్నారు పైనుంచి. నిచ్చెన దిగుతూ, "చెప్పినోణ్ని, నేను గూడ మర్చిపోయిన."

ఆ తప్పులో తనను కలుపుకున్నందుకు ఆయన మీద నా గౌరవం రెట్టింపైంది. రెండు వైపులా పచ్చి తీగలతో, కొమ్మలతో ఆ ఖాళీలను ఆయనే పూడ్చారు. ఇప్పుడు ఏటా ఆ తీగలు మార్చేది మా ఊరివాళ్లే.

సార్‌కు క్లాసు ఆగడం గిట్టేది కాదు. కిటికీ కింద పెళ్లి బ్యాండు మోగినా గొంతు పెంచేవారు గానీ ఆపేవారు కాదు. "టైమ్ నాది కాదు, పిల్లలది" అనేవారు. అందుకే, నేను అక్కడ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఊరి నుంచి వీడియో వచ్చిన ఉదయం, ఆయన క్లాసు తలుపు దగ్గరే తటపటాయించాను.

"ఏందమ్మా, జర జల్దీ చెప్పు."

ఫోన్ అందించాను. చూశారు. ప్రొజెక్టర్‌కు కలపమన్నారు.

తెర మీద వెదురు, దాని మీద ఒక తల్లి, పొట్టను కరుచుకుని పిల్ల. ఒక్కో చెయ్యీ ఆచితూచి వేస్తోంది. కింద లారీ వెళ్లింది. తల్లి బిగుసుకుపోయింది. మళ్లీ కదిలి, పచ్చి కొమ్మ అందుకుంది. క్లాసంతా లేచి బల్లలు చరిచింది. పక్క గదులవాళ్లు తలుపు దగ్గర కిక్కిరిశారు. నాకు సీటు రాలేదన్న బాధ ఆ నిమిషంలోనే పోయింది.

"దాటింది! దాటిందిరా!" సార్ అంత గట్టిగా అరవడం అంతకుముందు ఎవరూ వినలేదు. "మళ్లొకసారి ఏయమ్మా!"

తెరకు అడ్డం వచ్చానన్న ధ్యాస కూడా లేదాయనకు. ఆయన తెల్ల చొక్కా మీదుగా, ఈ భుజం నుంచి ఆ భుజానికి, ఆ తల్లి పిల్లను మోసుకుంటూ నడిచి వెళ్లింది.