బావ పేరొక్కటే

ఆ రోజుల్లో గోదావరిఖనిలో కంప్యూటర్ నేర్చుకోవడమంటే చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, దేవుడి గదిలోకి వెళ్ళినట్టు వెళ్ళడం. బొగ్గు దుమ్ము తగిలితే మిషన్లు చెడిపోతాయని మా సారుకు మహా భయం. డిగ్రీ అయ్యాక ఖాళీగా కూర్చుంటే చుట్టాల నోళ్ళకు పని చెప్పినట్టవుతుందని నేను చౌరస్తా దగ్గరి ఇన్‌స్టిట్యూట్‌లో వెబ్ డిజైనింగ్‌లో చేరాను. "కోడ్ రాసుడు లేదు, ఏం లేదు. మౌసుతోని గుంజి ఈడ వెట్టు, సైటు తయార్!" అనేవారు సారు. (పుస్తకంలో ఆయన మాకంటే ఒక్క పాఠం ముందుండేవారు, అంతే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.) గుంజడం, పెట్టడం నాకు భలే పట్టుబడ్డాయి. డేటాబేస్‌లో పేరు ఎక్కిస్తే చాలు, అది దానంతటదే వచ్చి పేజీలో కూర్చునేది. దీన్నే డైనమిక్ సైటు అంటారని తెలిశాక ఇక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

కోర్సు చివర తలా ఒక సైటు చేయాలి. మిగతావాళ్ళు చీరల దుకాణమనీ, కాలేజీ అనీ మొదలుపెట్టారు. నాకు ఇంట్లోనే అవసరం కనిపించింది. మా అక్క ఇక్కడ బడిలో టీచరు, బావకు కొత్తగూడెం బాయిలో డ్యూటీ (గనిని మేం బాయి అనే అంటాం). పెళ్ళయి రెండేళ్ళయినా వాళ్ళ కాపురం ఆదివారాలకే. బావ ఇటు రావాలంటే ఇక్కడినుంచి అటు పోయేవాడు ఒకడు దొరకాలి, ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవాలి. దాన్ని మ్యూచువల్ అంటారు. ఆ ఒకడి కోసం బావ కనబడ్డ టీ కొట్టులోనల్లా అడిగి అడిగి విసిగిపోయాడు. అందుకే మ్యూచువల్ వెతుక్కునేవాళ్ళ కోసం సైటు కట్టి, మొట్టమొదట బావ పేరు, ఉన్న చోటు, కావలసిన చోటు, ఫోన్ నంబరు ఎక్కించాను. ఈ మాట బాపు (మా నాన్న) షిఫ్టులో చెప్పాడు. ఇంకేం, లీవు ఫారాల వెనక రాసినవీ, బీడీ కట్టల కాగితాల మీద రాసినవీ చీటీలు రావడం మొదలైంది. "మా చిన్నబిడ్డె కంప్యూటర్ల ఎక్కిస్తది, ఫికర్ చెయ్యకుర్రి" అని బాపు అందరికీ మాటిచ్చాడు. అన్నీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎక్కించి, సైటును నెట్‌లో పెట్టి, పేజీ తెరిచాను. బావ పేరు నిగనిగలాడుతూ కనిపించింది. నా కడుపు నిండిపోయింది. (మిగతా పేర్లున్నాయా అని చూసుంటే ఇవాళ చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.)

పది రోజులు తిరక్కుండానే బావ ఫోన్ చేశాడు. "పిల్లా, ఏం మాయ జేసినవే! రోజుకు నలుగురు ఫోన్లు జేస్తున్నరు. ఎవలకు ఒప్పుకోవాల్నో సమజైతలేదు!" ఆయన ఒకరిని ఖాయం చేసుకుని అర్జీ పెట్టాడు, మంజూరైంది. అక్క సంబరం చెప్పనలవి కాదు. సారు కొత్త బ్యాచికి నన్ను గొప్పగా చూపించేవారు, నేను ఏమీ ఎరగనట్టు కీబోర్డు తుడుచుకునేదాన్ని.

ఆ మురిపెం నడుస్తుండగానే ఒక రోజు ఫస్టు షిఫ్టు దిగి బాపూ, ఆయనతో జోడీగా పనిచేసే కాకా (నాకు చిన్నాన్న వరస) నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. చెవుల వెనక బొగ్గు ఇంకా అలాగే ఉంది. కాక తల్లి రామకృష్ణాపూర్‌లో మంచాన పడింది. అక్కడి బాయికి బదిలీ కోసం ఆయన అందరికంటే ముందు చీటీ ఇచ్చాడు.

"బిడ్డా, మా పోరడు నెట్ సెంటర్ల జూసిండట. మీ బావ పేరొక్కటే ఉన్నదట. నా పేరు ఏడ పాయె?" అన్నాడు కాక. కోపంగా అన్నా బాగుండేది.

బాపు నా మొహం వైపు చూడలేదు. "అల్లుని పేరు వెట్టుకోని మా చీటీలు పొయ్యిల వెట్టిండ్రని షిఫ్టుల అంటున్నరు. నా బిడ్డె గట్ల చెయ్యదని చెప్పిన. చెయ్యలేదు గదా?"

"లేదు బాపు, అందరియి ఎక్కించిన" అన్నాను. రేపు బాపు మళ్ళీ వాళ్ళతోనే కలిసి బాయి దిగాలి.

దుమ్ము సంగతి మరిచి సారు వాళ్ళకు కుర్చీలు వేశారు. డేటాబేస్ తెరిస్తే అన్ని పేర్లూ ఉన్నాయి, పేజీలో మాత్రం ఒక్కటే. సారు పుస్తకం తీసి, చెమట తుడుచుకుంటూ తరవాతి పాఠం తిరగేశారు. "ఒక్క వరుస జూపియ్యమన్నవ్, గది ఒక్కటే జూపెట్టింది. ఉన్నన్ని పేర్లకు గదే వరుస మళ్ళ మళ్ళ వెయ్యమని దానికి చెప్పాలె." ఆ పాఠం మాకింకా రాలేదు. నిజం చెప్పాలంటే సారుకూ రాలేదు.

ఒకే ఒక్క క్లిక్కు. పేర్లన్నీ బిలబిలమంటూ దిగాయి. కాక అద్దానికి తగలకుండా వేలు జరుపుతూ రెండో వరుస దగ్గర ఆగి తన పేరు పైకే చదువుకున్నాడు. బాపు అప్పటికి ఊపిరి వదిలాడు. "నేను చెప్పలే?" అన్నాడు కాకతో. "చెప్పినవ్ తియ్యి" అని కాక నా వైపు తిరిగాడు. "మీ బావ పని అయిపాయె గదా బిడ్డా. ఇగ ఆయన పేరు తీసెయ్యరాదు, మేం జర ముందటికి జరుగుతం." తీసేశాను. కాక పేరు పైకి వచ్చింది. వానలు వెళ్ళేలోపు ఆయనకూ మ్యూచువల్ దొరికి బదిలీ అయింది. తల్లి చివరి రోజుల్లో ఆయన చేతి ముద్దే తిన్నదట.

ఇప్పుడు ఆఫీసులో నేను చేసే ప్రతి పేజీనీ ముగ్గురు పరీక్షించాకే బయటికి వదులుతాం. అయినా అప్పుడప్పుడూ ఆ పిల్ల గుర్తొస్తుంది. తెర మీద ఒక్క పేరు చూసి పని పూర్తయిందని పొంగిపోయిన పిల్ల. నవ్వొస్తుంది గానీ దాన్ని తిట్టబుద్ధి కాదు. ఆ రోజు దానికి చూడాలని ఉన్నది ఆ ఒక్క పేరే మరి.