ఏడు రేకుల అంచు

మూడో రోజు మధ్యాహ్నం కొండవీడు కోట చివరి మెట్టు ఎక్కగానే మా నాన్న చేసిన మొదటి పని, చెప్పులు విడిచి నేలమీద బోర్లా పడుకోవడం. మంగళగిరిలో బయల్దేరేటప్పుడు మా మేనత్తకు ధైర్యం చెప్పింది ఆయనే. "అక్కా, నావి మగ్గం తొక్కిన కాళ్లు. నీ మోకాళ్లు మొరాయిస్తే భుజాన వేసుకుని దించుతా" అన్నాడు. తీరా చూస్తే ఆయనకే పిక్కలు పట్టేశాయి. అత్త పక్కన కూర్చుని వాటిని పిసుకుతోంది.

"కూర్చుని తొక్కావురా ఇన్నేళ్లూ, నిలబడి కాదు" అంది అత్త. ఆవిడ నాన్నకంటే ఎనిమిదేళ్లు పెద్ద. జీవితమంతా గచ్చుమీద కూర్చుని కండెలకు నూలు చుట్టిన మనిషి. అలాంటిది, కాళ్లకు చెప్పుల్లేకుండా మెట్లన్నీ మాకంటే ముందే ఎక్కేసింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. వాళ్లిద్దరి వెనక నీళ్ల బిందె మోసింది నేను. ఆ సంగతి మాత్రం ఇంట్లో ఇప్పటికీ ఎవరూ చెప్పుకోరు.

ఎనభైల మొదట్లో మాట ఇది. నూలు రాక మగ్గాలు ఖాళీగా ఉన్న ఒక వారం, అత్త మా ఇంటికొచ్చి "కొండవీడు పోదాం, నడిచి" అంది. బస్సులున్నాయి కదా అన్నాను. "మా అమ్మ నడిచే పోయింది" అంది. ఆ మాట వినగానే నాన్న నవ్వాడు. గొడవంతా ఆ నవ్వుతోనే వచ్చింది.

అత్త చెప్పే అమ్మ అంటే మా నాయనమ్మ. అప్పటికి పోయి ఏడాదైంది. తాతయ్యకు నడుం పట్టేశాక మగ్గం గుంటలో దిగి ఇల్లు నడిపింది ఆవిడే. చీర అంచుకు ఒక పువ్వు నేసేది. మామూలుగా ఆ పువ్వుకు ఎనిమిది రేకులుండాలి. నాయనమ్మ పువ్వుకు ఏడే ఉండేవి. కింద ఎడమవైపు రేకు ఉండాల్సిన చోట బోసిగా ఉండేది. ఎవరైనా అడిగితే ఒకటే చెప్పేది. పెళ్లయిన కొత్తలో అత్తవారితో కలిసి మొక్కు తీర్చుకోవడానికి కొండవీడు కొండ ఎక్కిందట. మిగతావాళ్లు వంట చేసుకుంటుంటే, కొత్త కోడలు కాబట్టి చెరువు పక్క మండపంలో తల వంచుకుని కూర్చుందట. ఎదురుగా స్తంభంమీద ఆ పువ్వుందట. "నేను చూసింది అంతే, నేసింది అంతే" అనేది.

నాన్న నమ్మలేదు. మగ్గానికి పువ్వు నమూనా కట్టేటప్పుడు ఒక రేకు వదిలేసి, అది కప్పిపుచ్చుకోవడానికి కొండ కథ చెప్పిందని ఆయన లెక్క. మా వీధిలో ఒకరి నేతలో తప్పుందనడం అంటే మొహాన ఉమ్మినంత పని. తను మగ్గమెక్కగానే, తల్లిని అడక్కుండా ఎనిమిదో రేకు పెట్టేశాడు. పైగా నలుగురిలో "మా అమ్మ వీధి చివరకు కూడా పోయిన మనిషి కాదు, కొండెక్కడమేంటి" అని ఎగతాళి చేశాడు. నాయనమ్మ రెండురోజులు కండెలు చుట్టడం మానేసింది, అంతే. కండె లేక పోగును అటూ ఇటూ లాగే నాడె ఆగింది, మగ్గం ఆగింది, నాన్న పొగరు మాత్రం ఆగలేదు. మూడోరోజు ఆవిడే మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. కొండ మాట మాత్రం ఇంకెప్పుడూ ఎత్తలేదు. అత్తకు అదే కోపం. తల్లిని అబద్ధాలకోరును చేశాడని, పైకెళ్లి ఆ పువ్వు చూపిస్తేగానీ తన మనసు కుదుటపడదని అంది. నాన్నేమో, లేదని చూపించడానికే మా వెంట వచ్చాడు.

మొదటిరోజు నడిచి గుంటూరు చేరాం. బ్రాడీపేటలో చుట్టాలింట్లో పడుకున్నాం. రెండోరోజు దారి పొడవునా మిరపకాయల కళ్లాలే. అటూ ఇటూ ఎర్రగా పరిచేశారు. గాలి మా మీదికి తిరిగినప్పుడల్లా ముగ్గురం వరసగా తుమ్మేవాళ్లం. రెండుసార్లు ఎర్రబస్సు వస్తే నాన్న చెయ్యెత్తాడు. రెండుసార్లూ అత్త ఆ చెయ్యి పట్టుకుని దించింది. ఇవన్నీ చాలవన్నట్టు, అత్త మా పులిహోర మూటను నాయనమ్మ పాత చీర చెంగులో కట్టింది. చెంగుకు అటూ ఇటూ ఏడు రేకుల అంచు. నాన్నకు ఆకలేసినప్పుడల్లా ఆ అంచు ముడి విప్పుకునే తినాలి. ఆయన మొహం అటు తిప్పుకుని విప్పేవాడు, అత్త ఇటు తిరిగి నవ్వేది. ఆ రాత్రి కొండ కింద ఊళ్లో తెలిసినవాళ్లింట్లో ఉండి పొద్దున్నే కొండ ఎక్కడం మొదలుపెట్టాం.

నాన్న పిక్కలు సర్దుకున్నాక మండపం వెతికాం. కూలిన గోడలు, పడిపోయిన దూలాలు, రాళ్ల సందుల్లో మొలిచిన సీతాఫలం చెట్లు. చెరువు పక్కన మండపం నిజంగానే ఉంది. సగం కప్పు లేదు. స్తంభాలమీద పువ్వులూ ఉన్నాయి. అత్త ఆనందానికి హద్దు లేదు. నాన్న మాత్రం నేతగాడి కళ్లతో ఒక్కొక్క పువ్వు దగ్గరికీ పోయి వేలుపెట్టి లెక్కపెట్టాడు. ఒక స్తంభం, రెండు, మూడు. మొహం వెలిగిపోయింది.

"ఎనిమిది అక్కా. అన్నింటికీ ఎనిమిదే. అమ్మ వచ్చిందేమో గానీ రేకు మాత్రం తప్పింది. ఇంక పద" అన్నాడు.

అత్త మొహం చిన్నబోయింది. మూడురోజుల నడకలో ఒక్కసారి కూడా అలిసిపోనిది, ఆ మాటతో డీలాపడి కింద కూలబడింది. నాకు నాన్నమీద ఒళ్లు మండింది. "మొత్తం చూడకుండా గెలిచానంటావేంటి నాన్నా?" అని అరిచాను. ఆయన పట్టించుకోకుండా మూట విప్పడానికి వంగాడు. గెలిస్తే ఆయనకు ఆకలి ఎక్కువ.

అప్పుడు అత్త కదలకుండా అంది. "ఏమే, ఇట్టా రా. ఇట్టా కూకో."

వెళ్లి పక్కన కూర్చున్నాను. తల కొంచెం వంచమంది. వంచాను. ఎదురుగా ఉన్న స్తంభానికి అడుగున, మోకాలి ఎత్తులో, ఇంకో పువ్వు ఉంది. నాన్న నిలబడి లెక్కపెట్టుకుంటూ పోయాడు కాబట్టి అది ఆయన కంట పడలేదు. తల వంచుకుని కూర్చున్న మనిషికే కనిపిస్తుంది. కింద ఎడమవైపు రేకు లేదు. ఎప్పుడో విరిగింది, విరిగినచోటు కూడా నున్నగా అరిగిపోయింది.

అత్త నాన్నను పిలవలేదు. మూటలో అన్నం అరిటాకులోకి మార్చి, చెంగు దులిపి, అంచును ఆ రాతి పువ్వు పక్కన పెట్టి పట్టుకుంది. నాన్న తనంతట తనే వచ్చి, పిక్కలు నొప్పెడుతున్నా గొంతుకిళ్లా కూర్చున్నాడు. రాతి పువ్వుమీద ఒకసారి, బట్టమీద ఒకసారి వేలుతో తడిమి చూశాడు. మళ్లీ మళ్లీ తడిమాడు. తర్వాత కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నాయనమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

"ఇంక తినరా" అంది అత్త కాసేపటికి. "అన్నం ఆరిపోతోంది."

ముగ్గురం ఆ స్తంభం ముందే కూర్చుని పులిహోర తిన్నాం. దిగేటప్పుడు నాన్న నీళ్ల బిందె నా దగ్గర్నుంచి లాక్కుని తనే మోశాడు. కొండ కింద మాత్రం బస్సుకు చెయ్యెత్తాడు. ఈసారి అత్త దించలేదు.

నూలు వచ్చాక నాన్న నమూనా మళ్లీ కట్టుకున్నాడు. అత్త వారంపాటు మా ఇంట్లోనే ఉండి కండెలు చుట్టింది. చీర తీసుకుని షావుకారు దగ్గరికి నాన్నతో నేనూ వెళ్లాను. షావుకారు కళ్లజోడు సవరించుకుని అంచుమీద వేలు పెట్టి ఆపాడు.

"ఏందయ్యా, నీకూ రేకు తప్పిందే?"

"తప్పలేదండీ" అన్నాడు నాన్న. "మా అమ్మ చూసింది అంతే."