నేల నుంచి ఎన్ని అంగుళాలు

మా బావగారు కారు కొనాలనుకున్నప్పుడు సలహా అడిగింది నన్ను. నాకు కారు నడపడం రాదు. నాకున్నది ఒక సైకిలు, దాని వెనక గుడ్డల మూట కట్టుకునే కారియరు. అయినా అడిగారు. మా బంధువుల్లో ఎవరు ఏ కొత్త వస్తువు కొనాలన్నా ముందు నన్నడగడం చాలా ఏళ్ళుగా అలవాటు.

తెనాలిలో నాది చిన్న టైలరింగు షాపు. పదో తరగతి తప్పి మిషను ముందు కూర్చున్నవాణ్ణి మళ్ళీ పరీక్షకు కట్టలేదు. కానీ సాయంత్రం నాలుగయ్యేసరికి షాపు మా ఆవిడకు అప్పజెప్పి లైబ్రరీకి వెళ్ళడం మాత్రం ముప్పై ఏళ్ళుగా మానలేదు. నక్షత్రాలు, నాడీమండలం, కోర్టు చట్టాలు, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది చదివాను. నేను చూస్తుండగా ఐదుగురు లైబ్రేరియన్లు మారారు. ఇప్పుడున్న అమ్మాయి ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో నన్నడిగి తెలుసుకుంటుంది. ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాను. ఇక్కడా చెప్పేశాను చూడండి.

బావగారిది రేపల్లె. నిజాంపట్నం పడవలకు ఐసు అమ్మే ఫ్యాక్టరీ ఉంది. ఆయన నన్ను పేరు పెట్టి పిలవరు.

"ఏమోయ్ లైబ్రరీ, మీ అక్క కోసం బండి కొనాలి. మామూలుది కాదు, మంచిది. మూడు వరసల సీట్లుండాలి. బాపట్ల వెళ్ళి రావాలంటే మనమందరం ఒక్క బండిలో పట్టాలి. నువ్వు చదివి చూసి చెప్పు. నీ మాటే ఫైనల్" అన్నారు ఫోనులో.

అక్క కోసమన్నది నిజమే. కిందటేడు అక్క కుడి మోకాలికి ఆపరేషను జరిగింది. ఎడమది కూడా అరిగిపోయింది కానీ ఇక చేయించుకోనని మొండికేసింది. అక్క కూతురు బాపట్లలో లెక్చరరు. ఆ అమ్మాయికి కవలలు పుట్టి అప్పటికి ఏడు నెలలు. వారానికొక్కసారి, ఆదివారం పూట, ఆ పిల్లలిద్దరికీ తన చేత్తో నలుగు పెట్టి నీళ్ళు పోయాలని అక్క కోరిక. అంతకుమించి ఎవరినీ ఏమీ అడగలేదు. బస్సు మెట్లు ఎక్కలేదు. ఇంట్లో ఉన్న పాత చిన్న కారులో కూర్చుంటే గుంతలో కూర్చున్నట్టే, లేపడానికి ఇద్దరు కావాలి. అందుకని పెద్ద బండి.

మూడు వారాలు చదివాను. పాలిటెక్నిక్ పిల్లల కోసం రాసిన పాత ఆటోమొబైల్ పుస్తకం ఒకటి లైబ్రరీలో దుమ్ము కొట్టుకుపోయి ఉంటే తీసుకున్నాను. కార్ల పత్రికలన్నీ తిరగేశాను. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే వెనకవైపు నుంచి పద్దెనిమిది పేజీలు నోట్సు రాశాను. "అన్నయ్యా, నా జాకెట్టు ఎప్పుడిస్తావు?" అని అడగడానికొచ్చిన ఆవిడకు వీల్‌బేస్ అంటే ఏంటో విడమరిచి చెప్పాను. పాపం ఆవిడ నిలబడి విన్నది.

చివరికి రెండు బళ్ళు మిగిలాయి. ఒకటి నేలకు దగ్గరగా ఉండి, పక్కకు జరిగే తలుపులున్న బండి. రెండోది లగ్జరీ బండి. ఎత్తుగా, ఏనుగు నిలబడ్డట్టు ఉంటుంది. మొదటిదాని గురించి నాలుగో పేజీలో "అద్దెకు తిప్పే బండిలా కనిపిస్తుంది" అని రాసి కొట్టేశాను. రెండోదానికి పేజీలు పేజీలు రాశాను. "నేల నుంచి ఎత్తు ఎక్కువ. మన రోడ్లకు, వానాకాలం నీళ్ళకు శ్రేష్ఠం" అని రాసి కింద రెండు గీతలు గీశాను.

ఇంకో సంగతి ఉంది. అది నోట్సులో రాయలేదు. ఆ రెండో బండిలో మధ్య వరసలో పొడుగాటి సీటు ఉండదు, పడక్కుర్చీల్లాంటి సీట్లు రెండు విడివిడిగా ఉంటాయి. వాటి పైన చదువుకోవడానికి చిన్న దీపాలు. పత్రికలో బొమ్మ ఉంది. ఒకాయన కాలు మీద కాలు వేసుకుని పుస్తకం చదువుతున్నాడు, పైనుంచి పేజీ మీద పసుపు వెలుగు పడుతోంది. ఆ బొమ్మను నేను చాలాసార్లు చూశాను. ఆదివారాలు నన్ను కూడా బాపట్ల తీసుకెళ్తారు కదా, ఆ కుర్చీ నాదే కదా అనుకున్నాను.

ఆ రోజుల్లోనే అక్క ఫోను చేసింది.

"తమ్ముడూ, నాకు బళ్ళ సంగతి తెలీదు గానీ, ఎక్కడానికి తేలిగ్గా ఉంటుందంటావా?"

ఇప్పుడు తలచుకుంటే ఆ మొత్తం వ్యవహారంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. అడిగింది కూడా ఆమె ఒక్కతే. దానికి నేను గ్రౌండ్ క్లియరెన్స్ గురించి ఉపన్యాసం ఇచ్చాను. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటే ఇంజనుకు ఎంత క్షేమమో, చెరుకుపల్లి రోడ్డు గుంతల్లో ఎందుకు తగలదో చెప్పాను. అక్క ఊఁ కొడుతూ విన్నది. చివర్లో, "సరేలే, నువ్వు చదివావుగా" అంది.

బండిని నడిపి చూసుకోవడానికి విజయవాడ షోరూమువాళ్ళు రేపల్లె పంపిస్తామన్నారు. నేను పొద్దున్నే తెనాలిలో రైలెక్కాను. మెడలో టేపు, చేతిలో నోట్సు. బావగారి ఇంటిముందు తెల్లటి బండి మెరుస్తూ నిలబడి ఉంది. చుట్టూ వీధివాళ్ళు. సేల్స్ కుర్రాడు మెడకు టై కట్టుకుని చెమటలు కారుస్తున్నాడు.

"ఇదిగో, వచ్చాడు మా ఇంజనీరు. ఇక నీ పని అయిపోయిందిరా అబ్బాయ్!" అన్నారు బావగారు.

నేను నిజంగానే ఇంజనీరులా మొదలుపెట్టాను. మూడో వరసలో మోకాళ్ళ దగ్గర ఎంత జాగా ఉందో టేపుతో కొలిచాను. తలకూ కప్పుకూ మధ్య కొలిచాను. డిక్కీ పొడవు, వెడల్పు కొలిచి రాసుకున్నాను. ఆ కుర్రాణ్ణి టార్క్ గురించి అడిగితే ఫోను తీసి వెతుక్కున్నాడు. అతను వెతికేలోపు నేనే చెప్పాను.

"సార్, మా మేనేజరుకి కూడా ఇంత తెలీదండి" అన్నాడు.

వీధివాళ్ళు విన్నారు. బావగారు విన్నారు. నా వీపు దానంతటదే నిటారైంది.

అప్పుడు అక్క బయటికొచ్చింది. చిలకపచ్చ చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు, చేతిలో కర్ర. బండి ఎక్కడానికే తయారైందని చూడగానే తెలిసిపోయింది. బావగారు తలుపు తీశారు. అక్క కర్ర నాకిచ్చి, పైన పట్టుకునే పిడిని అందుకుని, కుడికాలు ఎత్తింది. కాలు బండి అంచుకు జానెడు కిందనే ఆగిపోయింది. దించింది. ఈసారి ఎడమకాలు ఎత్తబోయి, పళ్ళు బిగించి, అదీ దించేసింది.

"సైడ్ స్టెప్ పెట్టించుకోవచ్చండి అమ్మా, అది విడిగా వస్తుంది" అన్నాడు కుర్రాడు.

బావగారు లోపలికెళ్ళి, అటక మీది సామాను అందుకోవడానికి వేసుకునే స్టూలు పట్టుకొచ్చారు. అక్క దాని మీదికెక్కింది. ఆయన వెనకనుంచి నెట్టారు, నేను లోపలినుంచి చెయ్యి పట్టి లాగాను. చీర కుచ్చెళ్ళు మోకాలిదాకా లేచాయి. కుర్రాడు మంచివాడు, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వీధివాళ్ళు తిప్పుకోలేదు. సీట్లో కూలబడ్డాక అక్క మొహం ఒక్క క్షణం పాలిపోయింది. మిషను సూది వేలిలో దిగినప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. సరిగ్గా అలా ఉంది. వెంటనే సర్దుకుని నావైపు చూసింది.

"సోఫాలా ఉందిరా" అంది.

చెరుకుపల్లిదాకా వెళ్ళి వచ్చాం. అక్క పక్కన, మధ్య వరసలో నేను. దారిలో పైకి చెయ్యి చాచి ఆ దీపం వేసి చూశాను. పట్టపగలు. వెలిగింది.

ఇంటికొచ్చి అక్కను మళ్ళీ స్టూలు వేసి దించాక బావగారు నా భుజం మీద చెయ్యేశారు. "ఇప్పుడు చెప్పవోయ్ లైబ్రరీ. మీ అక్కకి కుదురుతుందా, కుదరదా? నువ్వొద్దంటే ఇక్కణ్ణుంచే పంపించేస్తా."

ఆయన అంత సూటిగా అడిగారు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే నాలుగో పేజీలో కొట్టేసిన బండి పేరు చెప్పాలి. మూడు వారాల చదువు తప్పని వీధిలో నిలబడి ఒప్పుకోవాలి. సార్ అన్న కుర్రాడు అక్కడే ఉన్నాడు.

"సైడ్ స్టెప్ పెట్టిస్తే సరిపోతుంది బావగారూ. ఇదే తీసుకోండి" అన్నాను.

అక్క నా చేతిలోంచి కర్ర తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

బండి వచ్చింది. సైడ్ స్టెప్ కూడా వచ్చింది. అది పాదంలో సగం వెడల్పు, మామూలు మెట్లకు రెండున్నర రెట్లు ఎత్తు. స్టూలు డిక్కీలోనే ఉండిపోయింది. అక్క మూడు ఆదివారాలు బాపట్ల వెళ్ళింది. నాలుగో ఆదివారం తల తిరుగుతోందంది. ఐదో ఆదివారం ఎవరో చుట్టాలొస్తారంది, ఎవరూ రాలేదు. తర్వాత కారణాలు చెప్పడం కూడా మానేసింది. బండిని బావగారు నిజాంపట్నం హార్బరుకు వేసుకెళ్ళసాగారు. లోపల చేపల వాసన పట్టింది.

ఒకరోజు మేనకోడలు బాపట్లనుంచి ఫోను చేసింది. "మామయ్యా, అమ్మ నామీద కోపంగా ఉందా? అంత కారు కొనుక్కుని కూడా రావట్లేదేంటి? పిల్లలు పాకుతున్నారు, చూడలేదు. నేనేమైనా అన్నానా?"

కూతురు తన తప్పేమో అని వెతుక్కుంటోంది. నాకు ఆ పూట కుట్టు సాగలేదు.

మర్నాడు రేపల్లె వెళ్ళాను. బావగారు స్నానం చేస్తున్నారు. బండి వాకిట్లో ఉంది. జేబులోంచి టేపు తీసి, గొంతుకూర్చుని, నేల నుంచి బండి లోపలి అంచుదాకా కొలిచాను. ఇరవై ఒకటిన్నర అంగుళాలు. బావగారి ఇంటి మెట్టు ఆరు. గేటు బయట పక్కింటివాళ్ళ ఆటో ఆగి ఉంటే దాన్నీ కొలిచాను. పన్నెండు.

"ఇప్పుడెందుకురా కొలవడం?" వరండాలో కుర్చీలోంచి అక్క అంది. "గుడ్డ కత్తిరించేశాక కొలత తీసే దర్జీని నిన్నే చూశాను."

వెళ్ళి ఆమె కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నీ జాకెట్టు కొలతలు పుస్తకం చూడకుండా చెప్పగలను గానీ నీ కాలు ఎంత ఎత్తు లేస్తుందో ఎప్పుడూ అడగలేదన్నాను. దీపం సంగతి చెప్పాను. ఆ రోజు నువ్వు ఎక్కలేకపోవడం చూశాను, చూసి కూడా బావగారికి బాగుందని చెప్పానన్నాను.

"చూశావని నాకు తెలుసు" అంది అక్క.

నేను టేపును వేలికి చుట్టాను.

"సోఫాలా ఉందన్నానే, అది నీకోసమే అన్నానురా. అందరిలో నీ పరువు పోతుందని. ఆ తర్వాతైనా నువ్వే చెబుతావనుకున్నాను." కర్రతో గుమ్మం వైపు చూపించింది. "నాకు చెబితే ఏం లాభం? లోపల మీ బావ ఉన్నాడు, వెళ్ళి చెప్పు."

తల తుడుచుకుంటూ వచ్చిన బావగారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. తువ్వాలు అలాగే పట్టుకుని అక్కవైపు తిరిగారు. "నువ్వైనా చెప్పకూడదుటే? నీకోసం కొన్నదాన్ని చేపల చుట్టూ తిప్పుతున్నాను నేను!"

"ఎవరడిగారండీ నన్ను? మీరు వాణ్ణడిగారు. వాడు పుస్తకాన్నడిగాడు" అంది అక్క.

ఆ ఆదివారం అక్క పక్కింటి ఆటో మాట్లాడుకుంది. నేనూ తోడు వెళ్ళాను. కమ్మీ పట్టుకుని, కర్ర లోపల పడేసి, ఎవరి చెయ్యీ లేకుండా ఎక్కి కూర్చుంది. నేనూ, బాపట్లలో పనుందని బయల్దేరిన ఆటోవాళ్ళావిడా చెరోపక్కా కూర్చున్నాం. బావగారు ఆటో ఎక్కనన్నారు. కొన్న బండి ఇంట్లో ఉంచుకుని ఆటోలో వెళ్తే ఊళ్ళో నవ్వుతారన్నారు. మా వెనకే కారు తీశారు. రేపల్లె నుంచి కర్లపాలెం మీదుగా బాపట్లదాకా, ముందు మా ఆటో, వెనక ఆరు సీట్లలో ఒక్క మనిషితో ఆ తెల్లటి బండి, హారను కొట్టకుండా, దాటకుండా, ఆటో వేగంతోనే వచ్చింది. టీకొట్ల దగ్గర జనం లేచి చూశారు.

బాపట్లలో అక్క పిల్లలిద్దరికీ ఒకరి తర్వాత ఒకరికి నీళ్ళు పోసింది. మేనకోడలు తల్లి వెనకే తిరిగింది. ఆమెకు కూడా నేనే చెప్పాను. "పోనీలే మామయ్యా" అంది గానీ నా మొహం చూడలేదు.

సాయంత్రం తిరిగి బయల్దేరేటప్పుడు అక్క ఆటో ఎక్కి, నేను ఎక్కబోతుంటే ఆపింది. "నువ్వు దాంట్లో రా. మీ బావ ఒక్కడే ఉన్నాడు. ఆటోవాళ్ళావిడ నాతో వస్తుంది."

బండి ఎక్కాను. నా కాలికి ఏ ఇబ్బందీ లేదు. మధ్య వరసలో కూర్చున్నాను. సీటు మెత్తగా ఉంది, గుంతలు తెలియడం లేదు. ముందు అద్దంలోంచి ఆటో కనిపిస్తోంది. ప్రతి గుంతకూ అది ఎగిరిపడుతోంది, దాంతోపాటు అక్క తల, కనకాంబరాలు.  చెరుకుపల్లి దాటాక చీకటి పడుతుంటే బావగారు ముందున్న మీట నొక్కి నా తలపైన దీపం వేశారు.

"చదువుకోవోయ్ లైబ్రరీ" అన్నారు.

సంచిలో పుస్తకం ఉంది. పసుపు వెలుగు నా ఒళ్ళో, ఖాళీ చేతుల మీద పడింది. దీపం ఆర్పమని అడగడానికి నోరు రాలేదు. రేపల్లె వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. బయట దారిన పోయేవాళ్ళకు లోపల నేనొక్కణ్ణే కనిపిస్తూ ఉండి ఉంటాను.